నేర్చుకున్నవి జారిపోతున్నప్పుడు: డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతకు శరీరం ద్వారా చేసే మానసిక చికిత్సకు ఇంట్లో తోడ్పడే విధానం

డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయి గానీ అమ్మాయి గానీ పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తన స్నానం తాను చేసుకుంటూ, ఇంటికి వచ్చినవాళ్లను పేరు పెట్టి పలకరిస్తూ, సంక్రాంతికి తన బట్టలు తానే ఎంచుకుంటూ ఉండి, ఆ తరువాత ఒకటి రెండు నెలల్లోనే మాట తగ్గి, నిద్ర తగ్గి, ముద్దను నోటిదాకా తీసుకెళ్లి అక్కడే ఆగిపోయే స్థితికి వస్తే, ఇంట్లోవాళ్లకు మొదట తట్టేది మొండితనం. ఆ తరువాత తట్టేది దిష్టి. చివరికి చుట్టాలు వచ్చి "ఈ పిల్లలు ఇంతేనమ్మా, వయసు వచ్చేకొద్దీ ఇలాగే అవుతారు" అని తేల్చేస్తారు. ఈ మూడు మాటల్లో ఏదీ నిజం కాదు. దీన్ని వైద్యులు డౌన్ సిండ్రోమ్ తిరోగమన రుగ్మత అంటారు. ఇది ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ల లోపు వారిలో కనిపిస్తుంది. దీని నిర్ధారణకు పలు దేశాల నిపుణులు కలిసి 2022లో ఉమ్మడి ప్రమాణాలు ప్రచురించారు. చికిత్స ఉంది, కోలుకున్నవారు ఉన్నారు, ఆలస్యం కాకుండా మొదలుపెట్టడం మాత్రం మన చేతిలో ఉంది.

ఆ చికిత్సలో ఒక భాగమైన శరీర ఆధారిత మానసిక చికిత్స గురించి, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కుటుంబాలు ఇంట్లో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఇక్కడ వివరిస్తున్నాను. దీని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. ఈ స్థితిలో ఉన్న వ్యక్తి చాలాసార్లు "చేయను" అనడం లేదు, చేయలేకపోతున్నాడు. మాట అర్థమైనా కాళ్లూ చేతులూ ఆ మాట ప్రకారం కదలవు. అటువంటప్పుడు మరోసారి చెప్పడం, ఇంకాస్త గట్టిగా చెప్పడం, బతిమాలడం అతనిలో కంగారును పెంచుతాయే తప్ప కదలికను తేవు. కనుక శరీరం నుంచి మొదలుపెట్టి, అది కొంచెం కుదుటపడిన తరువాతే మాట దగ్గరకు రావాలి.

ముందు వైద్య పరీక్షలు

శరీరంతో చేసే ఏ సాధనా వైద్యానికి బదులు కాదు. నేర్చుకున్నవి జారిపోతున్నాయని గమనించిన వెంటనే చేయవలసింది డాక్టరును కలవడమే. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ లోపం సర్వసాధారణం. అది ఒక్కటే మనిషిని మందకొడిగా, ముభావంగా మార్చగలదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, బి12 లోపం, గోధుమ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ జబ్బు, కొత్తగా మొదలైన మూర్ఛలు, కంటిలో శుక్లం, చెవిలో గుబిలి గట్టిపడి వినికిడి తగ్గడం, పుచ్చిన పన్ను, రోజుల తరబడి మలబద్ధకం, నెలసరి నొప్పి, వీటిలో ఏదైనా తిరోగమనంలా కనిపించవచ్చు, లేదా ఉన్న తిరోగమనాన్ని పెంచవచ్చు. నొప్పిని మాటల్లో చెప్పలేనివారు నొప్పిని ప్రవర్తనలోనే చూపిస్తారు. అడగడానికి మనసు ఒప్పకపోయినా మరో విషయం కూడా పరిశీలించి తీరాలి: ఎవరైనా ఆ వ్యక్తిని కొట్టడం, బెదిరించడం, లైంగికంగా వేధించడం జరిగిందేమో చూడాలి. నలభై దాటినవారిలో అయితే అల్జీమర్స్‌ను కూడా వైద్యులు దృష్టిలో పెట్టుకుంటారు.

ఈ రుగ్మతలో చాలామందికి కేటటోనియా ఉంటుంది. ఒకే భంగిమలో ఉండిపోవడం, మాట ఆగిపోవడం, పిలిచినా చూపు తిప్పకపోవడం, అన్న మాటనే తిరిగి అనడం, కారణం లేకుండా ఒక్కసారిగా ఉద్రేకపడటం, ఇవన్నీ దాని లక్షణాలే. సైకియాట్రిస్టులు దీన్ని 23 అంశాలున్న బుష్-ఫ్రాన్సిస్ కొలమానంతో అంచనా వేస్తారు. లోరాజెపామ్ అనే మందు దీనికి తొలి ఆసరా. అది సరిపోనప్పుడు కరెంటు చికిత్స, అంటే ఈసీటీ, కొందరిలో రోగనిరోధక వ్యవస్థపై పనిచేసే ఐవీఐజీ వంటి చికిత్సలు ఆలోచిస్తారు. ఈసీటీ పేరు వినగానే మనవాళ్లకు పాత సినిమాల్లో చూసిన భయంకర దృశ్యాలు గుర్తుకొస్తాయి గానీ, మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే నిషేధించింది. పద్దెనిమిదేళ్ల లోపు వారికైతే సంరక్షకుల అనుమతితో పాటు మానసిక ఆరోగ్య బోర్డు ముందస్తు అనుమతి కూడా కావాలి. మానసిక లక్షణాలకు వాడే కొన్ని మందులు కేటటోనియాను ముదిరేలా చేయగలవు. అందుకే ఇప్పటికే ఏ మందు వాడుతున్నా ఆ చీటీ తప్పకుండా చూపించండి.

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, విజయవాడ ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, ఈ మూడూ ఈ రెండు ఊళ్లవాళ్లకు అందుబాటులో ఉన్నవే. ఎక్కడికి వెళ్లాలో తోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అయితే రోజంతా నీళ్లు గానీ ఆహారం గానీ ముట్టకపోయినా, జ్వరంతో పాటు ఒళ్లు కర్రలా బిగుసుకుపోయినా, నడక ఉన్నట్టుండి తూలి మూత్రంపై అదుపు తప్పినా ఫోన్ల దగ్గర ఆగవద్దు. 108 పిలిచి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

మెడ విషయం

శరీరంతో పని మొదలుపెట్టే ముందు ప్రతి కుటుంబం దీన్ని గుర్తుంచుకోవాలి. డౌన్ సిండ్రోమ్‌లో కీళ్లను పట్టి ఉంచే బంధకాలు వదులుగా ఉంటాయి, కండరాల బిగువు తక్కువగా ఉంటుంది. పుర్రె కింద మొదటి రెండు మెడపూసల మధ్య ఈ వదులుతనం సుమారు 10 నుంచి 20 శాతం మందిలో ఎక్స్‌రేలో కనిపిస్తుంది. వారిలో వెన్నుపాము నొక్కుకుపోయి ఇబ్బంది పడేవారు కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందిలో మనవాళ్లు ఉండరన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మెడనొప్పి, తల ఒక పక్కకు వాల్చి ఉంచడం, చేతుల పట్టు తగ్గడం, నడకలో మార్పు, మూత్రం జారడం వంటివి కనిపిస్తే ముందు న్యూరాలజిస్టు చూడాలి. అంతవరకు ఏ వ్యాయామమూ వద్దు.

ఏ లక్షణమూ లేకపోయినా కొన్నిటికి దూరంగా ఉండాలి. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, మత్స్యాసనం, చక్రాసనం, పిల్లిమొగ్గలు, ట్రాంపొలిన్ గెంతులు పనికిరావు. యోగా తరగతుల్లో మొదట చేయించే మెడ తిప్పుళ్లు కూడా వద్దు. సెలూన్‌లో క్షవరం అయ్యాక తలకు మాలిష్ చేసి మెడను చెరో పక్కకూ విరిచే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది; ఆ పని చేయవద్దని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడే క్షురకుడికి స్పష్టంగా చెప్పండి. చేతులు పట్టుకుని వెనక్కి వాలి గిరగిరా తిరిగే ఒప్పులకుప్ప ఆట సరదాగా ఉన్నా ఇప్పుడు ఆడించవద్దు.

గుండె సంగతి కూడా చూసుకోవాలి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చిన్నప్పుడు ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితాలు థెరపిస్టుకు చూపించి, ఎంత శ్రమ తట్టుకోగలరో కార్డియాలజిస్టును అడిగి తెలుసుకోండి.

వారం రోజులు చూసి రాసుకోవడం

ఒక నోటుపుస్తకం తీసుకుని, పడుకున్న వేళ, లేచిన వేళ, ఎంత తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, విరేచనం అయిందా, తనంతట తాను అన్న మాటలేమిటి, ఎక్కడ ఆగిపోయారు, ఎంతసేపు ఆగారు, తిరిగి ఎలా కదిలారు అన్నవి రాయండి. ఇందులో అన్నిటికన్నా విలువైనది చివరిది. గడప దగ్గర కదలకుండా నిలబడిన అబ్బాయి, వీధిలో కూరగాయల బండి అరుపు వినగానే అడుగు వేశాడనుకోండి. శబ్దం అతనికి దారి చూపుతుందని మీకు తెలిసినట్టే. తమ్ముడు ముందు నడిస్తే వెనకాలే వచ్చాడనుకోండి. చూసి అనుసరించడం ఇంకా నిలిచి ఉందన్నమాట. ఇలాంటివి ఇంట్లోవాళ్లు పట్టినంతగా క్లినిక్‌లో అరగంట చూసే నిపుణులు పట్టలేరు.

ఫోన్లో పాత వీడియోలు వెతకండి. పుట్టినరోజుకు పాట పాడినది, పెళ్లిలో నాట్యం చేసినది, ఏదైనా సరే. వాటి పక్కన ఇప్పటి వీడియో ఒకటి పెట్టి చూపిస్తే, "మొదటినుంచీ ఇంతేనేమో" అనే సందేహం డాక్టరుకు ఉండదు. రోజులో ఏ వేళ కాస్త తేలికగా ఉంటున్నారో కూడా ఈ పుస్తకమే చెబుతుంది. సాధన ఆ వేళకే పెట్టుకోవాలి. లోరాజెపామ్ వాడేవారిలో మందు పనిచేసే గంట రెండు గంటలు కదలిక సులువుగా ఉండవచ్చు, కానీ అదే మందు మగతను, తూలుడును కూడా తెస్తుంది. ఆ సమయంలో నిలబడి చేసే పనులకు పక్కన ఒక మనిషి తప్పనిసరి.

పక్కన కూర్చోవడం

చోటు మార్చవద్దు, చాప మార్చవద్దు, వీలైతే కూర్చునే మనిషిని కూడా మార్చవద్దు. టీవీ ఆపేయండి. ఏలూరు రోడ్డు మీదో బ్రాడీపేటలోనో ఇల్లు రోడ్డువైపు ఉంటే వెనక గది ఎంచుకోండి. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది లోపే ముగించాలి. పాలరాతి నేల మీద మేజోళ్లు వద్దు, ఒట్టి పాదాలే నయం.

ఎదురుగా కూర్చుంటే చూపు తప్పించుకోవాలన్న ఒత్తిడి వస్తుంది. పక్కన, కొంచెం వెనకగా, ఒక చేతి దూరంలో కూర్చోండి. మొదటి కొన్ని రోజులు మీరు చేయవలసింది చూడటం, అనుసరించడం మాత్రమే. అమ్మాయి వేళ్లతో చీర అంచును రుద్దుతుంటే మీరూ మీ కొంగు అంచును అదే వేగంతో రుద్దండి. ముందుకూ వెనక్కీ ఊగుతుంటే మీరూ నెమ్మదిగా ఊగండి. "ఊఁ" అని శబ్దం చేస్తే మీరూ అదే శృతిలో "ఊఁ" అనండి. వెక్కిరింతలా అనిపించకూడదు, అందుకే కొంచెం మెత్తగా, కొంచెం ఆలస్యంగా చేయాలి. 1980లలో ఇంగ్లండ్‌లోని హార్పర్‌బరీ ఆసుపత్రి పాఠశాలలో మెలనీ నిండ్, డేవ్ హ్యూయెట్ రూపొందించిన ఇంటెన్సివ్ ఇంటరాక్షన్ అనే పద్ధతిలో మూలసూత్రం ఇదే: ఎదుటి మనిషిని మన దారిలోకి లాగకుండా, ముందు మనమే అతని దారిలోకి వెళ్లడం. నిజానికి పసిబిడ్డతో ప్రతి తల్లీ చేసేది ఇదే.

ఒకరోజు మీరు ఆపినప్పుడు ఆ అమ్మాయి మీ చేతివైపు చూస్తుంది. "మళ్లీ చెయ్యి" అన్నట్టుగా ఉంటుంది ఆ చూపు. దానికోసం వేచి ఉండాలి. అది వచ్చినప్పుడు "శభాష్ తల్లీ!" అని గట్టిగా చప్పట్లు కొట్టవద్దు, ఆ చూపుకు సమాధానంగా మళ్లీ కొంగు అంచు రుద్దండి, అంతే చాలు.

మొదట్లో ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు మించవద్దు. బాగా జరుగుతుండగానే ఆపాలి. అలసిపోయేదాకా లాగితే మర్నాడు చాప చూడగానే శరీరం బిగుసుకుంటుంది.

తాకే ముందు

ఇరవయ్యేళ్ల మనిషి శరీరం అతనిదే, అతనికి జబ్బు చేసినా సరే. మనం చిన్నప్పటినుంచీ ఎత్తుకుని పెంచిన చేతులతోనే ఇప్పుడూ చొరవగా చొక్కా లాగేస్తుంటాం, దువ్వేస్తుంటాం. ఆ అలవాటు కొంత మార్చుకోక తప్పదు.

తాకబోయే ముందు మీ అరచేతిని అతనికి కనిపించేలా చాపి, "చెయ్యి పట్టుకోనా నాన్నా?" అని ఒక్కసారి అడిగి, మనసులో పది లెక్కపెట్టండి. ఈ స్థితిలో జవాబు ఆలస్యంగా వస్తుంది. మనం మూడో సెకనుకే మళ్లీ అడిగితే వస్తున్న జవాబు కూడా తెగిపోతుంది. భుజం మీవైపు వాలడం, వేళ్లు విచ్చుకోవడం, ఊపిరి సాగడం ఒప్పుకోలుకు గుర్తులు. పెదవులు బిగించడం, మొహం తిప్పడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం కాదనడానికి గుర్తులు. కాదంటే వెంటనే చేయి దించి "సరే" అనండి. తన కాదనడానికి విలువ ఉందని తెలిసిన శరీరం నెమ్మదిగా అవుననడం నేర్చుకుంటుంది.

తాకవలసిన చోట్లు ముంజేయి, మోచేయి, అరచేతి వెనక భాగం, భుజం బయటి వైపు. పట్టు నిలకడగా ఉండాలి. ఈకలా తగిలీ తగలనట్టు తాకితే చాలామందికి చిరాకు. బయటినుంచి వచ్చే థెరపిస్టు ఎవరైనా గది తలుపు తీసి ఉంచి, ఇంట్లోవాళ్లలో ఒకరు కనిపించేలా ఉన్నప్పుడే తాకాలి. అమ్మాయిలకు స్త్రీలే ఈ పని చేయడం మంచిది.

ఆగిపోయిన కదలికను కదిలించడం

కుటుంబాలు ఎక్కువ నలిగేది ఇక్కడే. బాత్‌రూం గడప దగ్గర ఒక కాలు సగం ఎత్తి నిలబడి పావుగంట గడిచినా అడుగు పడదు. ఆఫీసుకు టైమవుతున్న తండ్రి "నడవరా" అని అరుస్తాడు, తల్లి వెనకనుంచి నెడుతుంది, అబ్బాయి ఇంకా బిగుసుకుంటాడు. ఆటిజంలో కేటటోనియా వచ్చినవారి కోసం అమిట్టా షా, లోర్నా వింగ్ అనే బ్రిటిష్ నిపుణులు 2006లో వివరించిన మానసిక పద్ధతి డౌన్ సిండ్రోమ్ కుటుంబాలకు కూడా చక్కగా పనికొస్తుంది. ఒత్తిడి తగ్గించాలి, రోజును ఒక క్రమంలో పెట్టాలి, మనిషిని ఖాళీగా వదిలేయకుండా పనిలో ఉంచాలి, ఆగినప్పుడు చిన్న ఊతం ఇచ్చి కదిలించాలి. ఆ ఊతం ఆజ్ఞ కాకూడదు, బలవంతం అసలే కాకూడదు.

ముందు మీ ఊపిరి వదలండి. మీరు కంగారుగా ఉంటే మీ చెయ్యి ఆ సంగతి చెప్పేస్తుంది. అబ్బాయి పక్కకు, అతను చూస్తున్న దిక్కుకే తిరిగి నిలబడండి. మోచేతి కింద మీ అరచేతిని ఆనించండి. లాగవద్దు, ఎత్తవద్దు, ఆనించి ఉంచండి. మీ శరీరాన్ని ఎడమకూ కుడికీ కొద్దిగా ఊపుతూ బరువు ఒక కాలి మీదనుంచి మరో కాలి మీదకు మార్చండి. అతని బరువు కూడా మారడం మోచేతిలో తెలుస్తుంది. అప్పుడు మెల్లగా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కిస్తూ మూడు దగ్గర మీరు అడుగు వేయండి. చాలాసార్లు అతని అడుగు కూడా పడుతుంది. పడకపోతే ఆగి, నిమిషం తరువాత మళ్లీ మొదటినుంచి చేయండి. గడప మీద రంగు టేపు అంటించినా, సుద్దముక్కతో గీత గీసినా కొందరు దాన్ని దాటడం కోసం కాలు ఎత్తగలుగుతారు. అతనికి ఇష్టమైన పాటను రోజూ ఒకే చోట, ఒకే పనికి వాడితే, ఆ పాటే కొన్నాళ్లకు ఊతం అవుతుంది.

చేతి పనికీ ఇదే వరస. గ్లాసు ఛాతీ దగ్గర ఆగిపోతే, గ్లాసును కాకుండా అతని చేతి వెనక భాగాన్ని మీ అరచేతితో తాకి, పైకి వెళ్లే దిశలో చిన్న ఊతం ఇచ్చి వదిలేయండి. మిగతా దూరం అతనే తీసుకెళ్లాలి. మొత్తం పని మనమే చేసేస్తే చెయ్యి తన పనిని మరచిపోతుంది.

భోజనం దగ్గర మాత్రం జాగ్రత్త చాలా ఎక్కువ ఉండాలి. నోట్లో ముద్ద పెట్టుకుని నమలకుండా ఆగినప్పుడు మరో ముద్ద పెట్టకూడదు. తల వెనక్కి వంచి నీళ్లు పోయడం అసలు చేయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మెడకూ ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని అదే అన్నం తింటూ నమలడం కనిపించేలా చేయండి. మింగడం కష్టమవుతున్నట్టు అనిపిస్తే స్పీచ్ థెరపిస్టు చూసేదాకా పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ వంటి వాటికే పరిమితం కావాలి. గంటల తరబడి ఒకే చోట కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు, పిరుదుల మీద పుండ్లు పడే ముప్పు ఉన్నాయి కాబట్టి, గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించడం చికిత్సలో భాగమే.

బరువు, లయ, ఇంటి పని

కండరాలు వదులుగా ఉన్నవారికి తమ శరీరం ఎక్కడుందో సరిగా తెలియాలంటే బరువు, ఒత్తిడి తోడ్పడతాయి. ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. రెండు అరచేతులూ గోడకు ఆనించి తోయడం, చపాతీ పిండి పిసకడం, సగం నిండిన బకెట్టును రెండు చేతులతో కుళాయి దగ్గరనుంచి తులసికోట దాకా మోయడం, ఉతికిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండడం వంటి పనులు కండరాలకూ కీళ్లకూ ఒకేసారి సమాచారం ఇస్తాయి. పైగా ఇవి ఇంటికి పనికొచ్చేవి. తాను చేసిన చపాతీని తమ్ముడు తింటుంటే చూడటంలో ఉన్న తృప్తి ఏ వ్యాయామ బంతితోనూ రాదు.

బరువైన దుప్పట్ల గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నిద్రలో ఊపిరి ఆగే సమస్య డౌన్ సిండ్రోమ్‌లో ఎక్కువ కాబట్టి పడుకున్నప్పుడు ఛాతీ మీద బరువు వేయడం ప్రమాదకరం. కూర్చున్నప్పుడు ఒళ్లో మడతపెట్టిన బొంత ఉంచితే చాలు, అదీ తాను తోసేయగలిగేలా ఉండాలి.

లయకు మన ఇళ్లలో కొదవ లేదు. చెమ్మచెక్క ఆట ఇద్దరు మనుషుల అరచేతులను ఒకే తాళంలోకి తెస్తుంది. కోలాటం కర్రలను కూర్చునే ఆడవచ్చు. మొదట మీ కర్రతో నేల మీద తట్టండి, అతని కర్ర ఎప్పుడు తడితే అప్పుడు దానికి జవాబుగా తట్టండి, తాళం తప్పినా సరిదిద్దవద్దు. ముగ్గు వేయడం కూడా మంచి సాధనే. చుక్కలు మీరు పెట్టి, ఒక చుక్కనుంచి మరో చుక్కకు గీతను అమ్మాయి చేత గీయించండి. గీత మధ్యలో ఆగితే మోచేతికి ఊతం ఇవ్వండి.

ఇంట్లో కదలిక కుదుటపడ్డాక బయటి నడక మొదలుపెట్టవచ్చు. గుంటూరులో బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం, విజయవాడలో రాజీవ్ గాంధీ పార్కు వంటి చదునైన చోట్లు తెల్లవారుజామున అనువుగా ఉంటాయి. కృష్ణ ఒడ్డు మనసుకు హాయిగానే ఉంటుంది కానీ ఘాట్ మెట్ల మీద ఆగిపోయే మనిషిని ఒక్కరే పట్టుకోలేరు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి రద్దీలోకి ఈ సంవత్సరానికి తీసుకెళ్లకపోవడమే క్షేమం.

దుఃఖం శరీరంలో ఉన్నప్పుడు

తిరోగమనానికి ముందు చాలా ఇళ్లలో ఏదో ఒక మార్పు జరిగి ఉంటుంది. అమ్మమ్మ పోవడం, అక్క పెళ్లయి అత్తారింటికి వెళ్లడం, స్కూలు అయిపోయి ఇంట్లో ఉండిపోవడం, ఇల్లు మారడం. అదే కారణమని ప్రతిసారీ చెప్పలేం, అది లేకుండానే వచ్చినవారూ ఉన్నారు. కానీ అలాంటి మార్పు జరిగి ఉంటే దాన్ని దాచడం మంచిది కాదు. "బాధపడతాడని చెప్పలేదండీ, అమ్మమ్మ ఊరెళ్లిందన్నాం" అని చెప్పే తల్లిదండ్రుల మీద నాకు కోపం రాదు, వాళ్ల ప్రేమ అర్థమవుతుంది. అయినా ఆ అబ్బాయి ఆమె కుర్చీ ఖాళీగా ఉండటాన్ని ప్రతిరోజూ చూస్తున్నాడు.

మాట కొద్దిగా తిరిగి వచ్చాకే, లేదా చూపులతో జవాబిచ్చే స్థితి వచ్చాకే ఈ పని మొదలుపెట్టాలి. అమ్మమ్మ ఫోటో, ఆమె చీర, ఆమె వాడిన తమలపాకుల పెట్టె పక్కన పెట్టండి. చీర తాకుతాడో లేదో అతని ఇష్టం. "అమ్మమ్మ చనిపోయింది. ఇక రాదు. నాకు ఇక్కడ బరువుగా ఉంది" అని మీ ఛాతీ మీద మీ చెయ్యి పెట్టుకోండి. అతని చెయ్యి ఎక్కడికి వెళుతుందో చూడండి. కొందరు పొట్ట పట్టుకుంటారు, కొందరు గొంతు. "అక్కడా?" అని అడిగి ఊరుకోండి. ఏడిస్తే ఆపవద్దు. ఏడుపు మధ్యలో శరీరం బిగుసుకుంటున్నట్టు, ఊపిరి తగ్గుతున్నట్టు కనిపిస్తే మాత్రం చీర పక్కన పెట్టి, పాదాలు నేలకు ఆనించి, గోడను తోసే పనికి మళ్లించండి. వేధింపు గానీ ప్రమాదం గానీ జరిగిందన్న అనుమానం ఉంటే ఈ భాగం ఇంట్లో చేయకండి. క్లినికల్ సైకాలజిస్టు చేయాలి.

ఉద్రేకంలో తనను తాను కొట్టుకుంటుంటే బోర్లా పడుకోబెట్టి అదిమి పట్టడం ప్రాణానికే ప్రమాదం. తలకూ గోడకూ మధ్య దిండు పెట్టి, గదిలో మనుషులను తగ్గించి, మాట ఆపి, తగ్గేదాకా ఉండి, డాక్టరుకు తెలియజేయండి.

ఎవరి సహాయం తీసుకోవాలి

క్లినికల్ సైకాలజిస్టుకు, స్పీచ్ థెరపిస్టుకు, ప్రత్యేక విద్య చెప్పేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. నాట్య చికిత్స, శరీర ఆధారిత చికిత్స చేస్తామని చెప్పేవారిని మూడు ప్రశ్నలు అడగండి. మెడ ఎక్స్‌రే, గుండె కాగితాలు చూస్తారా? కేటటోనియా ఉన్నవారితో పనిచేశారా, మా సైకియాట్రిస్టుతో మాట్లాడతారా? అబ్బాయి కాదంటే ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు "అలవాటు చేస్తామండీ, మొదట్లో ఏడుస్తారు" అన్న జవాబు వస్తే అక్కడినుంచి లేచి రండి. మందులన్నీ మానిపిస్తామని చెప్పేవారి దగ్గరకూ, గట్టి మర్దనతో నరాలు తెరుస్తామని చెప్పేవారి దగ్గరకూ వెళ్లకండి. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, గొడవ అక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్లే రోజు మాత్రం మారకూడదు.

ఖర్చు విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు నిర్వహించే నిరామయ ఆరోగ్య బీమా డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి మేధో వైకల్యం కింద వర్తిస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా రక్షణ ఇస్తుంది. వైకల్య ధ్రువపత్రం ఇప్పటికీ తీసుకోకపోతే ముందు అది తీసుకోండి.

లెక్క చూసుకోవడం, తగ్గించడం

ఆరు నుంచి ఎనిమిది వారాలకు నోటుపుస్తకాన్ని మొదటినుంచి చదవండి. గడప దగ్గర ఆగే సమయం తగ్గిందా, నిద్ర పెరిగిందా, తనంతట తాను అన్న మాట ఒక్కటైనా ఉందా చూడండి. ఏమీ మారకపోతే సాధన పెంచడం జవాబు కాదు. పుస్తకం తీసుకుని సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లి మందుల సంగతి, ఇతర చికిత్సల సంగతి మళ్లీ మాట్లాడాలి. మారుతుంటే ఊతాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి: మోచేతి కింద అరచేయి ఉన్నచోట రెండు వేళ్లు, ఆ తరువాత లెక్క మాత్రమే, ఆ తరువాత పక్కన నిలబడటం మాత్రమే. పోయిన పనులన్నీ ఒకే వరసలో తిరిగి రావు. పాట ముందొచ్చి, స్నానం ఆరునెలలకు రావచ్చు.

తేరుకున్నాక కూడా జ్వరం, ప్రయాణం, ఇంట్లో పెళ్లి హడావుడి వంటివాటితో మళ్లీ ఆగడం మొదలుకావచ్చు. అందుకని ఒక కాగితం మీద అతనికి మొదట కనిపించే గుర్తులు, పనిచేసిన ఊతాలు, పడని మందులు, డాక్టరు ఫోన్ నంబరు, మెడ గురించిన జాగ్రత్త రాసి, ఒక ప్రతి బీరువా తలుపు లోపల అంటించి, ఇంకో ప్రతి మేనమామకో, పిన్నికో, రాత్రివేళ వచ్చి ఆదుకోగల పక్కింటివాళ్లకో ఇవ్వండి.